బొమ్మ కింద రెండంగుళాలు

ఇరవయ్యో తేదీ, బుధవారం
ఫ్రేముల కొట్టు వెనక గది నుంచి

బావగారికి,

జిగురు చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ మీ బావమరిది చేసే నమస్కారం. ఇక్కడ నేనూ, నా నడుమూ, మీరు చెల్లెమ్మా అని పిలిచే నా ఇల్లాలూ, ఆవిడ నోరూ ఎవరి మానాన వాళ్లం బాగానే ఉన్నాం. మీరూ, డాక్టరు కొత్తగా బిగించిన మీ మోకాలూ ఒకరి మాట ఒకరు వింటూ కులాసాగా ఉన్నారని నమ్ముతాను.

అసలు ఈ ఉత్తరం రాయకుండా ఎగ్గొడదామనే చూశాను. మీరు పంపిన మూడు కార్డులూ బల్ల మీద పెట్టుకుని, వాటి మీదే టీ గ్లాసు పెట్టుకుంటూ రోజులు దొర్లించాను. మొదటి కార్డులో 'ఏమైంది?' అన్నారు. రెండోదానిలో 'ఏమైందోయ్?' అన్నారు. మూడోదానిలో ఒట్టి ప్రశ్నార్థకం, దాని కింద మీ సంతకం. ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన చేతి ప్రశ్నార్థకం కదా, గాలానికి కట్టిన కొక్కెంలా ఉంది. ఎటు తిరిగినా చొక్కాకే తగులుకుంటోంది. పోనీ ఫోను చేద్దామంటే మీకు సగం వినపడదు, వినపడిన సగం మీరు ఒప్పుకోరు. అందుకని రాస్తున్నాను.

అక్క క్షేమంగా చేరింది. చేరి పది రోజులు కావస్తోంది కూడా. నాలుగు గంటల బస్సు ప్రయాణం, ఆ బొమ్మను రెండు దుప్పట్లలో చుట్టి ఒళ్లోంచి దించలేదట. కండక్టరు అదేమిటమ్మా అని అడిగితే 'ఊరు' అందట. ఊరికి కూడా టిక్కెట్టు కొట్టాలా అని అతను వేళాకోళమాడితే, 'మా ఆయనకు దాని పేరు తెలిసిన రోజున కొట్టుదువుగానిలే నాయనా' అందట. బస్సంతా నవ్విందట. మీరు లేని చోట మీ మీద బాగానే జోకులేస్తుంది మా అక్క. ఉన్న చోట వేయదు, మీకు వినపడదని.

మీరు అడిగిన పనేమిటో నా మాటల్లో మళ్లీ ఒకసారి రాస్తాను. కార్డు మీద రాసేదానికీ మనసులో అనుకునేదానికీ తేడా ఉండటం మన ఇళ్లలో మామూలే కాబట్టి. మీ పెళ్లికి నేను బహుమతిగా ఇచ్చిన బొమ్మ ఇది. ఇచ్చి నలభై ఆరేళ్లు. అచ్చయి రెండు వందల ఏళ్ల దాకా ఉంటుంది. ముప్పై ఏళ్లు మీ భూగోళం క్లాసు గోడ మీద ఉంది, మీరు రిటైరయ్యాక మీ ముందుగదిలోకి వచ్చింది. ఇప్పుడు మీ ఊరి లైబ్రరీవాళ్లు దాన్ని చదువుకునే గదిలో పెట్టుకుంటామన్నారు. కింద ఇత్తడి రేకు మీద ఆ నగరం పేరు చెక్కిస్తామన్నారు. ఆ పేరేమిటన్నదే తగువు. మీరు ఒక ఊరంటారు, చరిత్ర మాష్టారు ఇంకో ఊరంటారు. ఇద్దరూ ఒకే స్టాఫురూములో ఒకే బెంచీ మీద ఇరవై ఎనిమిదేళ్లు కూర్చుని 'మా ఊరంటే మా ఊరు' అని కొట్టుకున్నారు. ఆ రెండు ఊళ్లలో ఏ ఒక్కదానిలోనూ మీలో ఏ ఒక్కరూ కాలు పెట్టిన పాపాన పోలేదు. లైబ్రేరియనమ్మ విసిగిపోయి, నెలాఖరులోగా ఎవరు రుజువు చూపిస్తే వాళ్లు చెప్పిన పేరు చెక్కిస్తాను, లేకపోతే 'ఒక నగరం' అని చెక్కించి ఊరుకుంటాను అందట. ఆ మాట విన్న దగ్గర్నుంచీ మీకు తిండి సయించడం లేదని అక్క చెప్పింది. ముప్పై ఏళ్ల పాఠం 'ఒక నగరం' అయిపోతే ఎవరికి మాత్రం సయిస్తుంది?

అందుకని ఫ్రేము విప్పి, దాని లోపలి గాడి కింద దాగిన అంచు మీద పేరేమైనా ఉందేమో చూసి, ఉన్నదున్నట్టు రాయమన్నారు. 'ఉన్నదున్నట్టు' కింద రెండు గీతలు గీశారు.

వారం రోజులు విప్పలేదు. వాన పడుతోంది కదా, తేమగా ఉన్నప్పుడు పాత కాగితాన్ని కదిలించకూడదు. మా గురువుగారు చెప్పేవారు, ముసలి కాగితమూ ముసలి మామగారూ ఒకటే, గాలి తడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే చిరుగుతారని. సోమవారం ఎండ కాసింది. వంక పోయింది.

ఈ బొమ్మ గురించి మీకు చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా విప్పేముందు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, భూతద్దం పట్టుకుని, కొత్తగా చూసినట్టు చూశాను. అడ్డంగా నది. నది మీద ఏడు కమానుల వంతెన, మూడో కమాను ఎప్పుడో విరిగితే చెక్కలతో అతుకు వేశారు. అవతలి ఒడ్డున కోటగోడ, దాని వెనక పెద్ద మసీదు గుమ్మటాలు, రెండు మినార్లు. ఒక మినారు నెత్తిన కొంగ గూడు. జాలీ కిటికీల మేడలు మొహం చూసుకుంటున్నట్టు నీళ్ల మీదికి వంగి ఉంటాయి. ఇవతలి ఒడ్డున రాతి మెట్లు, తాడు మీద ఆరేసిన బట్టలు, నలుగురు ఆడవాళ్లు. కుడిపక్క మూల తలపాగా ఆయన పొడుగాటి గొట్టంతో పొగ తాగుతుంటాడు. ఆకాశం నిండా మబ్బులు. ఆ కాలం చిత్రకారులకు మబ్బు లేని ఆకాశం ఉప్పు లేని కూర.

ఆ కాలం సంగతులు నేను పాత పత్రికల్లోంచీ, చిరిగిన పుస్తకాల్లోంచీ ఏరుకున్నవే. మీలా కాలేజీ మెట్లెక్కలేదు. కాలేజీ గ్రూపు ఫోటోలకు ఫ్రేములు కట్టాను, అంతవరకే నా చదువు. భావుకత జ్వరంలా పట్టుకున్న రోజులవి. పాడుబడ్డ గోడ కనపడితే చాలు, దాని ముందు ముక్కాలిపీట వేసుకుని, ఒక నిట్టూర్పు విడిచి, పెన్సిలు చెక్కుకునేవాళ్లు. దూరదేశపు గుమ్మటాలు, ఒంటరి మినార్లు, నది, సాయంత్రం, ఇవుంటే ఇంక అన్నం కూడా అక్కర్లేదు వాళ్లకు. అలా గీసిన కాగితాలు మూటగట్టుకుని సొంత దేశం వెళ్లి అచ్చుకిచ్చేవాళ్లు. అక్కడ ఇంకొకాయన ఉండేవాడు. ఆ గీతల్ని చూసి, జిడ్డు సుద్దతో నున్నటి రాయి మీద మళ్లీ గీసేవాడు. ఆ రాతి మీద నుంచి అచ్చులు తీసేవాళ్లు. ఈ రెండో ఆయన ఆ నదిని చూసి ఎరగడు. ఆ ఊరి గాలి పీల్చి ఎరగడు. కానీ బొమ్మలో ఖాళీ కనపడితే ఊరుకోడు, ఏదో ఒకటి దూర్చేస్తాడు.

నమ్మకపోతే ఆ తలపాగా ఆయన్ని చూడండి. ఇదే మనిషి, ఇదే గొట్టం, ఇలాగే ఎడమ మోకాలు పైకి పెట్టుకుని, నా చేతి మీదుగా పోయిన ఇంకో మూడు బొమ్మల్లో ఉన్నాడు. ఒకదానిలో ఎడారిలో కూర్చున్నాడు, ఒకదానిలో సమాధి పక్కన, మరొకదానిలో ఏకంగా జలపాతం కింద. అంత నీళ్లు మీద పడుతున్నా ఆ గొట్టం ఎలా వెలిగిందో నాకు నేటికీ ఆశ్చర్యమే. పాపం, కుటుంబం ఎక్కడుందో, ఎప్పుడు ఇంటికెళ్లేవాడో.

మీరు మాత్రం రెండో ఆయన్ని లెక్కలోకి తీసుకోలేదు. మొదటాయన ఎక్కడ కూర్చున్నాడన్నదే మీ పట్టు. గాజు మీద దారాలు అంటించి, వంతెన గీతలన్నీ పోయి ఎక్కడ కలుస్తున్నాయో చూసి, బొమ్మ వేసినవాడి కన్ను నీటికి ఎనభై అడుగుల ఎత్తున ఉందని తేల్చారు. ఎనభై అడుగులంటే కొండ. నదికి ఇవతల కొండ, అవతల కోట, ఏడు కమానుల వంతెన, పటాలన్నీ గాలిస్తే ఒకే ఒక్క ఊరు. అదే మీ ఊరు. చరిత్ర మాష్టారేమో కొండా లేదు గిండా లేదు, పడవలో నిలబడి వేశాడు అంటారు, ఆయన చెప్పే ఊళ్లో కొండ లేదు కాబట్టి. ముప్పై ఏళ్లు ప్రతి కొత్త తరగతినీ ఈ బొమ్మ ముందు నిలబెట్టి, పేరు అడగకండి, కళ్లతో చూసి మీరే చెప్పండి అని దారాలు అంటించి, పిల్లలందర్నీ ఆ కొండ ఎక్కించారు మీరు. ఒక్కడూ పేరు చెప్పలేకపోయినా ఒక్కడూ చూడటం మానలేదని మీరు గర్వంగా అనేవారు.

ఇక్కడ మా అక్క మాట కూడా రాయాలి. మీ పెళ్లయిన మూడు నెలలకు నేను మీ ఇంటికి వచ్చినప్పుడు జరిగింది. బొమ్మ ముందు మీరు దారాలతో తంటాలు పడుతుంటే, అక్క నీళ్లు తెచ్చి ఇస్తూ, 'ఈ బొమ్మ వేసినతను బట్టలుతికే మెట్ల మీద కూర్చున్నాడండీ' అంది. ఎలా చెప్పగలవని మీరు అడిగారు. 'ఆ నలుగురు ఆడవాళ్లనూ చూడండి. ఊరినీ చూడటం లేదు, నదినీ చూడటం లేదు. మనల్నే చూస్తున్నారు. మనం బట్టలుతుక్కునే రాయి మీద ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు వచ్చి కూర్చుని, లేవకపోతే ఆడది చూసే చూపు అది' అంది. మీరు పగలబడి నవ్వి, దీన్ని వంటింటి భూగోళం అంటారోయ్ అని నాకు చెప్పారు. పేరు బాగుందని నేనూ నవ్వాను. అది స్టాఫురూముదాకా పాకింది. తర్వాత ఆ మాట అక్క మళ్లీ ఎత్తగా నేను వినలేదు.

సరే, సోమవారం సంగతి. కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. అక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. మీ చెల్లెలు గుమ్మంలో నిలబడి, ఈ కొట్లో ఇంత భయభక్తులతో పని జరగడం ఇప్పుడే చూస్తున్నాను అంది. వెనక గోధుమరంగు కాగితం తీశాను. దాని కింద అప్పటి వార్తాపత్రిక. ఒక అరగంట పని ఆగిపోయింది, అందులో ఒక ప్రకటన ఉంది కాబట్టి. పెంపుడు చిలక తప్పిపోయిందట, రెండు భాషల్లో తిడుతుందట, దొరికినవారు దాని మాటలు మనసులో పెట్టుకోకుండా తెచ్చి ఇవ్వవలసిందని ప్రార్థన. అది దొరికిందో లేదో తెలుసుకోవడానికి దారేదైనా ఉంటే చెప్పండి. రెండు రోజులుగా అదే ధ్యాస.

వెనక అట్టకూ చట్రానికీ మధ్య సందులో నోటుపుస్తకం ముక్క ఒకటి దొరికింది. మీ శిష్యులెవరో దూర్చి ఉంటారు. పెన్సిలుతో 'సార్‌కి కూడా తెలీదు' అని ఉంది. దస్తూరి చక్కగా ఉంది. అక్క దాన్ని చూసి నవ్వి, జాకెట్లో పెట్టుకుంది. మీకు చూపిస్తుందో లేదో నాకు తెలీదు.

మేకులు ఒక్కొక్కటే పీకి బొమ్మను బయటికి తీశాను. నలభై ఆరేళ్లుగా గాడి కింద దాగిన పావంగుళం నాలుగు వైపులా వెలుగు చూసింది. అక్కడ ఆకాశం ఇంకా కొత్త నీలంగా ఉంది బావా. మిగతా ఆకాశమంతా మన జుట్టులాగే అయిపోయింది. కింది వైపు ఆ పావంగుళంలో ఏదో గుండ్రటి ఆకారం ఉంది, రాయో, మూటో చెప్పలేను. అతుకేసిన కమాను మీద ఇద్దరు మనుషులున్నారు గుర్తుందా, ఒకడు కిందికి వేలు చూపిస్తుంటాడు. ఏం చూపిస్తున్నాడో ఎన్నేళ్లుగానో నాకు అంతుపట్టలేదు. గాజు తీశాక చూస్తే నీళ్లలో నల్లచుక్క కనపడింది. బాతేమో అన్నాను. అక్క భూతద్దం లాక్కుని చూసి, 'బాతేంట్రా నీ మొహం, ఎవరిదో బట్ట జారి కొట్టుకుపోతోంది. ఆ చివరామె చూడు, ఆమెది కోపం కాదు, కంగారు' అంది. వంటింటి భూగోళం ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఇక అసలు సంగతి. అంచు లేదు.

నాలుగు వైపులా కోసేసి ఉంది. పైనా పక్కలా పోయింది ఒట్టి తెల్ల కాగితమే. కింద పోయిన రెండంగుళాల్లోనే ఊరి పేరు ఉండి ఉండాలి. అలాంటి అచ్చులన్నిటికీ అక్కడే ఉంటుంది. గురువుగారు ఈ బొమ్మను ఒక పాత ఇంటి సామాన్లలో కొన్నారు, మా కొట్టుకు రాకముందే ఎవడో ప్రబుద్ధుడు కోసి ఉంటాడు. కత్తి మంచిదే. చెయ్యే మంచిది కాదు. ఎడమ చివర ధైర్యంగానే మొదలుపెట్టాడు, సగానికి వచ్చేసరికి ఒకసారి ఆగాడు, ఆ తర్వాత కళ్లు మూసుకుని లాగేశాడు. అక్కడ గీత వెంట్రుకవాసి వంకర పోయింది. వాడెవడో కానీ, వాడికి కత్తి ఇచ్చినవాణ్ని అనాలి. నూట యాభై ఏళ్లుగా ఎన్ని చేతులు మారినా కాగితం మోసుకొచ్చిన పేరును ఒక్క నిమిషంలో ఊడబీకాడు. మా వృత్తిలో ఇలాంటి పాపాలు చాలానే జరిగాయి. ఫ్రేముకు బొమ్మ సరిపోకపోతే బొమ్మదే తప్పు అనుకునే రోజులు.

కాబట్టి మీకూ రుజువు లేదు, చరిత్ర మాష్టారికీ లేదు. రుజువు లేనప్పుడు పెద్దవారి మాట చెల్లాలి. ఆయనకంటే మీరు ఏడు నెలలు పెద్ద. బొమ్మ మీది. కొండ మీది. మీ ఊరి పేరే చెక్కించండి. కావాలంటే ఫ్రేముల పనిలో యాభై ఏళ్ల అనుభవం ఉన్నవాడిగా నేనూ ఒక సంతకం గీకి పంపుతాను. లైబ్రేరియనమ్మకు వయసంటే గౌరవం ఉండే ఉంటుంది.

బొమ్మకు కొత్త అట్ట, కొత్త గాజు వేసి నాలుగు రోజుల్లో అక్క చేత పంపిస్తాను. మోకాలు వంచే వ్యాయామం మానకండి. మానారని అక్కకు ఇక్కడి నుంచే తెలిసిపోతోంది.

ఇట్లు
అప్పుడప్పుడూ తప్ప ఎప్పుడూ మీ మాట జవదాటని
మీ బావమరిది

తా.క. గురువారం, పొద్దున.

కవరు అంటించకుండా బల్ల మీదే ఉంచాను. పొద్దున్నే పైదంతా మళ్లీ చదివాను. 'ఉన్నదున్నట్టు' కింద మీరు గీసిన రెండు గీతలూ గుచ్చుకున్నాయి.

ఆ ప్రబుద్ధుడు నేనే.

మీ పెళ్లికి ముందురోజు. నాకు ఇరవై రెండేళ్లు. గురువుగారు 'బొమ్మ కొలిచి చట్రం కొయ్యి' అని చెప్పి బయటికి వెళ్లారు. బొమ్మ కొలవమంటే బొమ్మే కొలిచాను. కాగితం కొలవలేదు. బంగారుపూత కర్ర అదొక్కటే మిగిలింది. దాన్ని కోసి, మూలలు అతికించి, ఆరబెట్టి, తీరా బొమ్మ తెచ్చి పెడితే కాగితం నాలుగు వైపులా బయటికి తన్నుకొచ్చింది. చట్రం పెంచడం బ్రహ్మ తరం కాదు. కాగితం తగ్గించడం నా తరమే. కోస్తుంటే కింద అక్షరాలు కనపడ్డాయి. కనపడబట్టే సగంలో ఆగాను. ఆ భాష నాకు రాదు. రాని భాషలో ఏముంటుందిలే, అచ్చేసినవాడి చిరునామా అయ్యుంటుంది అనుకుని లాగేశాను.

మూడు నెలల తర్వాత మీ ఇంటికి వచ్చినప్పుడు, 'ఏమోయ్, ఇంతకీ ఇది ఏ ఊరు?' అని మీరు అడిగారు. నేను కోసిందేమిటో నాకు అప్పుడు తెలిసింది. తిరిగి రాగానే ఆ భాష నిఘంటువు కొనుక్కుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. బళ్లో చదవకపోయినా స్వయంకృషితో నేర్చాడని నలుగురిలో నన్ను మెచ్చుకునేవారు. అది కృషి కాదు బావా, భయం. ఎప్పుడైనా ఎక్కడైనా ఇలాంటి అచ్చు ఇంకోటి దొరికితే చదివి మీకు పేరు చెబుదామని. దొరకలేదు.

రెండో సంగతి. గాజు పల్చనిది కావటంతో గాడిలో గలగలలాడింది. ఒత్తు పెట్టడానికి చేతికి అందిన కాగితమే మడిచి దూర్చాను. ఏ కాగితమో గుర్తుపెట్టుకోలేదు. కోసిన అంచు చెత్తబుట్టలో పోయిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను. సోమవారం మేకులు పీకగానే ఎడమ మూలలోంచి మడత కాగితం ఒకటి ఊడి అక్క ఒళ్లో పడింది. అది ఆ అంచే, సగం. మిగతా సగం కుడి మూలలో పెట్టి ఉంటాను. అక్కడ మీ క్లాసు గోడ చెమ్మకు వెండిరంగు పురుగులు చేరి తినేశాయి. వేలితో తీస్తే పొడి వచ్చింది.

ఉన్న సగాన్ని తడి బట్ట మీద సాగదీసి, ఆరాక చదివాను. 'బట్టలుతికే మెట్ల మీద నుంచి చూసిన దృశ్యం' అని ఉంది. తర్వాత ఒక కామా. కామా అవతల ఊరి పేరు ఉండేది. మీకూ చరిత్ర మాష్టారికీ ఇరవై ఎనిమిదేళ్లు తేలనిది ఆ పురుగులకు తెలుసు.

కొండ లేదు బావా. రెండో ఆయన పని అది. మీ స్కూలు గ్రూపు ఫోటోలో వెనక వరసవాళ్లను బెంచీ ఎక్కించినట్టు, గుమ్మటాలన్నీ కనపడాలని ఊరిని పైకెత్తి గీసేశాడు. మీ దారాలు అబద్ధం చెప్పలేదు, ఆయన గీసినదాన్నే అవి చెప్పాయి. మెట్లనూ ఆడవాళ్లనూ మాత్రం మొదటాయన వేసినట్టే ఉంచాడు. గాడి కింది గుండ్రటి ఆకారం రాయో మూటో చెప్పలేనన్నాను. చెప్పగలను. ఉతికి పిండిన బట్టల మూట. పక్కన బాదే కర్ర కూడా ఉంది. బొమ్మ వేసినతని కాళ్ల దగ్గరే.

అక్కకు చదివి వినిపించాను. 'ఇందులో కొత్తేముందిరా' అంది. కాసేపు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పింది. తర్వాత, 'ఆయనకు రాయకు. ఆ కొండ తీసేస్తే ఆయన ఎక్కడ నిలబడతారు? రెండు సగాలూ పురుగులే తిన్నాయనుకో. అంచు ఎవరో కోసేశారని రాసెయ్' అంది. నీ మాటే నిజమైంది కదే, నీకేం అనిపించడం లేదా అని అడిగాను. 'నిజమైంది ఇవాళ కాదు కదా' అంది. లేచి వెళ్లి మీ చెల్లెలితో కలిసి చిక్కుడుకాయలు ఒలిచింది.

ఆమె చెప్పినట్టే నిన్న రాశాను. నాకూ అదే సుఖంగా ఉంది, నా తప్పూ అందులోనే కలిసిపోతుంది కాబట్టి. కానీ ఈ రెండంగుళాలనూ ఒకసారి కోశాను. మళ్లీ కోయడానికి చెయ్యి రావడం లేదు.

రేకు మీద ఏం చెక్కించాలో మీ ఇష్టం. ఊరి పేరు మనలో ఎవరికీ తెలీదు. అతను ఎక్కడ కూర్చున్నాడో ఒకరికి మొదటి నుంచీ తెలుసు. ముక్కను పల్చటి కాగితంలో పెట్టి ఈ కవరులోనే పంపుతున్నాను. వేళ్లతో పట్టుకోకండి, అంచులు రాలుతున్నాయి. మీ కోపమంతా నా పేర రాయండి, కార్డు చాలకపోతే కవరు వాడండి.

ఇంతవరకూ రాసేసరికి అక్క వెనక నుంచి వచ్చి నిలబడింది. కాగితాలు తీసుకుని మొదటి పేజీ నుంచీ చదివింది. కండక్టరు ఆ మాట అలా అనలేదు అంది. కాగితాలు వరస సరిచేసి నా ముందు పెట్టింది. కవరునూ జిగురు గిన్నెనూ నా వైపు జరిపి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.